ఫొటోఅకౌస్టిక్ మైక్రోస్కోపీ: మసక బొమ్మను సిగ్నల్ దగ్గరే సరిచేయడం ఎలా?

నానోసెకండ్ల లేజర్ పల్స్ పడగానే రక్తంలోని హిమోగ్లోబిన్ కాంతిని పీల్చుకుని, రవ్వంత వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ కుదుపు అల్ట్రాసౌండ్‌గా బయటికొస్తుంది. ఒక్కో బిందువు దగ్గర ట్రాన్స్‌డ్యూసర్‌కు (ధ్వనిని ఎలక్ట్రికల్ సిగ్నల్‌గా మార్చే పరికరం) అందిన ఆ తరంగమే ఏ-లైన్. పైనుంచి చూసే బొమ్మలో ఒక్కో ఏ-లైన్ నుంచి అతి పెద్ద విలువ మాత్రమే మిగులుతుంది. రక్తనాళం లేని చోట మిగిలేది నాయిసే. అందుకే తయారైన బొమ్మ మీద ఫిల్టర్లు రుద్దడం నాకు నచ్చదు. పని ముడి ఏ-లైన్లతో మొదలవ్వాలి.

1. సిగ్నల్ రాకముందు భాగం సగటును మొత్తం ఏ-లైన్ నుంచి తీసేయండి. పల్స్ పల్స్‌కీ లేజర్ శక్తి మారుతుంది కాబట్టి, ఆ శక్తిని కొలిచే ఫొటోడయోడ్ (కాంతి సెన్సర్) కొలతతో భాగించండి. లేకపోతే బొమ్మలో చారలు పడతాయి.

2. లేజర్ కాంతికి అడ్డం పెట్టి ఒకసారి రికార్డు చేయండి. అప్పుడూ కనిపించేది లేజర్ ట్రిగ్గర్ నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్. ప్రతిసారీ ఒకే క్షణంలో వస్తుంది కాబట్టి సగటుతో పోదు, తీసివేతతోనే పోతుంది. మిగతా నాయిస్‌కు సగటు పనిచేస్తుంది గానీ ఖరీదైన బేరం: 16 సార్లు కొలిస్తే తగ్గేది 4 రెట్లే.

3. బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీల పట్టీని, అంటే బ్యాండ్‌ను మాత్రమే వదిలేది) వేసే ముందు స్పెక్ట్రమ్ చూడండి, అంటే సిగ్నల్ ఏ ఫ్రీక్వెన్సీల్లో ఉందో. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బ్యాండ్ ఎంత ఇరుకైతే నాయిస్ అంత తగ్గుతుంది, లోతులో స్పష్టత కూడా పోతుంది. ధ్వని వేగాన్ని 0.88తో గుణించి బ్యాండ్‌విడ్త్‌తో (బ్యాండ్ వెడల్పు) భాగిస్తే ఆ స్పష్టత వస్తుంది; ఈ అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. వేగం సెకనుకు 1500 మీటర్లు అనుకుంటే, 50 మెగాహెర్ట్జ్‌కు సుమారు 26 మైక్రాన్లు, 25 అయితే 53. ఫిల్టర్‌ను ఏ-లైన్ మీద ఒకసారి ముందుకూ, ఒకసారి వెనక్కూ నడిపితే ఆలస్యం రద్దై, నాళం కనిపించే లోతు జరగదు.

4. ధ్వనిని ఫోకస్ చేసే రకం మైక్రోస్కోపీలో ఫోకస్ దాటిన నాళాలు అడ్డంగా సాగుతాయి. ఫోకస్ బిందువునే డిటెక్టర్‌గా ఊహించి, పక్క ఏ-లైన్లను తగిన ఆలస్యంతో కలపండి. కాంతిని ఫోకస్ చేసే రకంలో మసక కాంతిది, కాబట్టి దీనితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

5. ఇప్పుడే హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతితో ఎన్వలప్ (తరంగం శిఖరాలను కలిపే పై గీత) తీయండి. ముందే తీస్తే నాలుగో మెట్టుకు కావాల్సిన ఫేజ్ (తరంగం ఏ క్షణంలో పైకీ కిందికీ ఊగుతోందన్న సమాచారం) పోతుంది. అసలు తీయకపోతే ఒక నాళం లోతు బొమ్మలో రెండు గీతలుగా కనిపించవచ్చు.

చివరగా, నేపథ్యాన్ని నల్లగా కత్తిరించి సిగ్నల్-నాయిస్ నిష్పత్తి పెరిగిందని మురిసిపోకండి. 7 మైక్రాన్ల కార్బన్ ఫైబర్‌ను ఇదే వరసలో ప్రాసెస్ చేయండి. వెడల్పు అంతకంటే సన్నగా వస్తే, అది మీ కోడ్ గీసిన బొమ్మ.