క్లోజ్డ్ లూప్ ఇవ్వగానే సిలిండర్ ఎదురు దిక్కున పరుగెడుతోందా?

మోషన్ కంట్రోలర్‌తో నడిచే హైడ్రాలిక్ సిలిండర్లలో వచ్చే సమస్య ఇది. క్లోజ్డ్ లూప్ అంటే కంట్రోలర్ పొజిషన్ సెన్సర్ రీడింగ్ చూస్తూ వాల్వ్‌ని తానే సరిదిద్దుతూ నడపడం. లక్షణం ఇలా ఉంటుంది. యాక్సిస్ (కంట్రోలర్ నడిపే ఆ సిలిండర్) ఎనేబుల్ చేసి క్లోజ్డ్ లూప్ కమాండ్ ఇవ్వగానే సిలిండర్ టార్గెట్‌కి వ్యతిరేకంగా దూసుకెళ్లి చివర్లో గుద్దుకుంటుంది. ఫాలోయింగ్ ఎర్రర్ (ఉండాల్సిన చోటుకీ ఉన్న చోటుకీ తేడా ఎక్కువైందనే ఎర్రర్) పడి యాక్సిస్ హాల్ట్ అవుతుంది.

ఇది చూడగానే చాలామంది గెయిన్లు (తేడాకి కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే విలువలు) తగ్గిస్తూ పోతారు. దయచేసి ఆగండి. దిక్కు తప్పినప్పుడు గెయిన్ తగ్గిస్తే సిలిండర్ నెమ్మదిగా తప్పు దారిలో వెళ్తుంది, అంతే.

ముందు ఓపెన్ లూప్‌లో, అంటే రీడింగ్‌తో సంబంధం లేకుండా వాల్వ్‌కి నేరుగా వోల్టేజ్ ఇచ్చి చూడండి. ప్రెషర్ తగ్గించండి, దగ్గర ఎవరూ లేకుండా చేయండి, నిలువు లోడ్ అయితే కింద సపోర్ట్ పెట్టండి. ఔట్‌పుట్‌కి ప్లస్ 0.5 వోల్ట్ ఇచ్చి పొజిషన్ రీడింగ్ గమనించండి. అది పెరగాలి. మైనస్ 0.5 ఇస్తే తగ్గాలి. ఓవర్‌ల్యాప్ ఉన్న వాల్వ్ (మధ్యలో కొంత మేర కదిలినా ఆయిల్ వదలనిది) అయితే అంత తక్కువకి కదలకపోవచ్చు, కొంచెం కొంచెంగా పెంచండి. ప్లస్ ఇస్తే రీడింగ్ తగ్గుతోందంటే పొలారిటీ (ప్లస్, మైనస్ దిక్కు) తిరగబడినట్టే. ఔట్‌పుట్ పొలారిటీ పారామీటర్ మార్చండి, లేదా వాల్వ్ కమాండ్ వైర్లు మార్చండి. రెండూ మారిస్తే మళ్లీ మొదటికే వస్తారు.

అసలు తిప్పలు పెట్టేది "నిన్న బాగానే నడిచింది, ఈరోజు పవర్ ఇవ్వగానే పరుగెత్తింది" అనే కేసు. వైరింగ్ ఎవరూ ముట్టుకోలేదు. మొదటి అనుమానం ఫ్లాష్ మీద, అంటే పవర్ పోయినా విలువలు నిలిచే మెమరీ మీద. చాలా కంట్రోలర్లలో మీరు రాసిన పారామీటర్ ముందు ర్యామ్‌లోకే వెళ్తుంది. ఫ్లాష్‌లోకి సేవ్ చేసే కమాండ్ విడిగా ఇవ్వకపోతే పవర్ తీయగానే పాత విలువే తిరిగొస్తుంది.

సేవ్ చేసినా అదే జరుగుతోందంటే పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపిస్తూ ఈ కంట్రోలర్‌కి కమాండ్లు పంపే కంప్యూటర్) ప్రోగ్రామ్ చూడండి. స్టార్టప్‌లో, అంటే మొదటి స్కాన్‌లో, కొన్ని కాన్ఫిగరేషన్ రిజిస్టర్లని (పారామీటర్లని) కంట్రోలర్‌కి రాసే బ్లాక్ ఒకటి అందులో ఉండొచ్చు. పొజిషన్ సున్నా సిలిండర్ రెండో చివర్లో కావాలని మీరు స్కేల్‌ని (సెన్సర్ కౌంట్లని పొజిషన్‌గా మార్చే గుణకాన్ని) 0.005 నుంచి మైనస్ 0.005 చేసి, ఆఫ్‌సెట్ (సున్నా ఎక్కడో చెప్పే విలువ), పొలారిటీ కూడా సరిచేశారనుకోండి. పీఎల్‌సీ మాత్రం పాత స్కేల్, పాత ఆఫ్‌సెట్ రాస్తుంది. పొలారిటీ దాని జాబితాలో లేదు కాబట్టి మీరు మార్చినట్టే ఉంటుంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది. సిలిండర్ పరుగెత్తక ఏం చేస్తుంది?

పట్టుకోవడం తేలికే. పీఎల్‌సీని స్టాప్‌లో ఉంచి, కంట్రోలర్‌కి మాత్రం పవర్ ఇచ్చి స్కేల్, ఆఫ్‌సెట్, పొలారిటీ చదివి రాసుకోండి. హైడ్రాలిక్ పంపు ఆఫ్‌లోనే ఉంచి పీఎల్‌సీని రన్‌లో పెట్టి మళ్లీ చదవండి. ఏ విలువ మారిందో దాన్ని రాస్తున్నది పీఎల్‌సీయే. ప్రోగ్రామ్‌లో ఆ విలువ సరిచేయండి, లేదా కాన్ఫిగరేషన్ రాసే భాగాన్నే తీసేసి కదలిక కమాండ్లు మాత్రమే ఉంచండి. నా ఓటు రెండోదానికే. ఒక విలువకి ఇద్దరు యజమానులు ఉండకూడదు.

స్కేల్ గుర్తు మార్చినప్పుడు ఫీడ్ ఫార్వర్డ్‌లు (తేడా రాకముందే, కావలసిన వేగాన్ని బట్టి ఔట్‌పుట్‌కి కలిపే విలువలు) కూడా చూసుకోండి. రాడ్ వైపు ఏరియా తక్కువ కాబట్టి రెండు దిక్కులకీ వేర్వేరు విలువలు ఉంటాయి, అవి తారుమారు చేయాలి. లేకపోతే యాక్సిస్ పరుగెత్తదు గానీ కదిలేటప్పుడు ఒకవైపు వెనకబడి, ఇంకోవైపు ముందుకెళ్తుంది.

సెన్సర్ మాగ్నెట్ వదులైతే, కేబుల్‌లో నాయిస్ ఉంటే రీడింగ్ ఎగిరిపడుతుంది, సాధారణంగా ఇలా ఒకే దిక్కున పరుగు ఉండదు. ఔట్‌పుట్ కార్డ్ పాడవడం చాలా అరుదు, దాన్ని చివరికి ఉంచండి.