తగాదా బ్రాండు మడత చాకు కొనే ముందు

మొదటి మడత చాకు కొందామని వెతకడం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు తగాదా నడిచే ఏదో ఒక బ్రాండు దగ్గర ఆగిపోతారు. ధర అందుబాటులో ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. వాడినవాళ్లలో సగంమంది దీన్ని మించింది లేదంటారు, మిగతా సగం పేరెత్తితేనే మండిపడతారు. ఎవరి మాట వినాలో కొత్తవాళ్లకి పాలుపోదు. నేను చెప్పేది ఒకటే: ఆ తగాదా దేని గురించో ముందు తేల్చుకోండి. చాలావరకు ఆ గొడవకీ, ఆ చాకు మీ వేళ్ల మీద మూసుకుంటుందా లేదా అన్నదానికీ సంబంధం ఉండదు. సంబంధం ఉన్న ఫిర్యాదు ఒకటి మాత్రం ఆ రభసలో ఎక్కడో అడుగున ఉంటుంది. మనకి కావలసింది అది.

గాంజో సంగతే చూడండి. చైనా కంపెనీ. బెంచ్‌మేడ్, స్పైడెర్కో లాంటి అమెరికన్ కంపెనీల డిజైన్లను పోలిన చాకుల్ని చాలా తక్కువ ధరకి అమ్మి పేరు తెచ్చుకుంది. లాక్ అంటే తెరిచిన బ్లేడు దానంతట అది మూసుకోకుండా ఆపే ఏర్పాటు. ముఖ్యంగా బెంచ్‌మేడ్ వాళ్ల యాక్సిస్ లాక్‌ని పోలిన లాక్ వాడినందుకు గాంజోకి చాలా తిట్లు పడ్డాయి. ఆ లాక్ మీద పేటెంటు గడువు ఇప్పుడు తీరిపోయింది, పేరున్న కంపెనీలు కూడా అదే పద్ధతిని వేరే పేర్లతో వాడుతున్నాయి. గడువు తీరకముందే గాంజో వాడేసిందన్నది తిట్టేవాళ్ల కోపం. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు.

కోల్డ్ స్టీల్‌ది ఇంకో రకం. 1980లో లిన్ థాంప్సన్ పెట్టిన ఈ అమెరికన్ కంపెనీ, మాంసపు ముద్దల్ని నరికి, చాకులకి బరువులు వేలాడదీసి చూపించే వీడియోలతో అమ్మకాలు సాగించింది. ఆ ఆర్భాటం కొందరికి సరదా, కొందరికి ఎబ్బెట్టు. 2020లో కంపెనీ చేతులు మారింది కూడా, పాత అభిప్రాయాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇక బెంచ్‌మేడ్ మీద 2018లో చెలరేగిన గొడవకి చాకుతో పనే లేదు. అమెరికాలోని ఓరెగన్ సిటీ పోలీసులు తమ దగ్గరున్న తుపాకుల్ని ముక్కలు చేయడానికి ఈ కంపెనీ తన యంత్రాలు వాడుకోనిచ్చింది. తుపాకీ యజమానుల్లో చాలామంది ఇక దాని సరుకు ముట్టమన్నారు.

ఈ మూడింటిలో ఏదైనా మీకు పట్టింపు అనిపిస్తే కొనకండి. అది పూర్తిగా మీ ఇష్టం, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నా మటుకు నాకు కాపీ డిజైన్లంటే పడదు. అదే కంపెనీ సొంతంగా గీయించిన మోడల్ ఉంటే దాన్నే చూస్తాను. అయితే డబ్బు చూసుకుని కొనుక్కున్నవాళ్లని తిట్టే పని కూడా నేను పెట్టుకోను.

పట్టించుకోవలసిన ఫిర్యాదు వేరేలా ఉంటుంది. "నేను రెండు తెప్పిస్తే ఒకదాని లాక్ బిగుసుకుపోయింది." "కొత్తలో బాగానే ఉంది, తర్వాత బ్లేడు ముందుకీ వెనక్కీ ఊగుతోంది." మోడల్ పేరు, ఏం జరిగిందో, ఎన్నాళ్లకి జరిగిందో చెప్పిన మాటలకే విలువ. చవక చాకుల్లో లోపం చాలాసార్లు డిజైన్‌లో ఉండదు, ఒక పీసుకీ ఇంకో పీసుకీ ఉన్న తేడాలో ఉంటుంది. ఎవరో మెచ్చుకున్న పీసు మీకు రాదు, మీకొచ్చేది వేరే. అందుకే అలాంటి బ్రాండు కొనేటప్పుడు వాపసు తీసుకునే అమ్మకందారు దగ్గరే కొనాలి, వచ్చిన రోజే పరీక్షించుకోవాలి.

చట్టం సంగతి ముందే

జేబులో పెట్టుకు తిరగాలనుకుంటే ఇది చూడకుండా డబ్బు కట్టొద్దు. పొగడ్తలు వచ్చేది గట్టి లాక్‌కి, ఒంటిచేత్తో తెరుచుకోవడానికి. చట్టం పట్టుకునేదీ సరిగ్గా ఆ రెండింటినే. బ్రిటన్‌లో కారణం చెప్పకుండా వెంట ఉంచుకోదగ్గది లాక్ లేని మడత చాకు, అదీ పదును 3 అంగుళాలు మించకూడదు. లాక్ పడిందంటే అది మడత చాకు లెక్కలోకే రాదని అక్కడి కోర్టులు తేల్చాయి. జర్మనీలో ఒంటిచేత్తో తెరిచి లాక్ చేయగలిగేదాన్ని సరైన అవసరం లేకుండా బయట వెంట ఉంచుకోకూడదు. జపాన్‌లో 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడుకి తగిన కారణం చూపాలి. కొన్ని మడత చాకులకి కొంత సడలింపు ఉన్నా, అంతకన్నా చిన్నదాన్ని దాచిపెట్టుకు తిరిగినా చిక్కే. బటన్ నొక్కగానే స్ప్రింగుతో విచ్చుకునేవైతే చాలాచోట్ల అమ్మకమే నేరం. మీరుండే చోట, వెళ్లే చోట నియమం ఏమిటో అధికారిక వెబ్‌సైట్‌లో చదవండి. "మా దగ్గర ఎవరూ అడగరు" అని అమ్మేవాడు చెప్పే మాట మీద ఆధారపడొద్దు. విమానంలో వెంట ఉంచుకునే సంచిలో చాకు ఉండకూడదు, చెకిన్ సామానులో వేయాలి.

లాక్

వేళ్లు తెగేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

లైనర్ లాక్ ఉన్నదైతే పిడి లోపల ఒక పల్చటి లోహపు రేకు ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరవగానే ఆ రేకు పక్కకి వచ్చి బ్లేడు మొదట్లో ఆనుకుంటుంది, మూసుకోనివ్వదు. చాకు తెరిచి, పిడి సందులోంచి ఆ రేకు కొసని చూడండి. బ్లేడు అడుగుభాగం వెడల్పులో పావు వంతు నుంచి సగం దాకా ఆనుకుని ఉంటే మంచిది. అంచుకి వెంట్రుకవాసిలో వేలాడుతుంటే జారొచ్చు. కొత్తదానిలోనే అవతలి గోడ దాకా వెళ్లిపోయిందంటే అరగడానికి ఇక చోటు లేనట్టే. ఫ్రేమ్ లాక్‌కీ ఇదే లెక్క, అక్కడ రేకు బదులు పిడిలో ఒక వైపు ఆ పని చేస్తుంది.

బ్యాక్ లాక్‌కి మీట పిడి వీపున ఉంటుంది. 1964లో వచ్చిన బక్ 110తో జనంలోకి వెళ్లింది ఈ పద్ధతి. దీన్ని పిడికిలి బిగించి పట్టుకుంటే బ్లేడు అతి కొద్దిగా కదలడం మంచి చాకుల్లోనూ ఉంటుంది, కంగారు పడొద్దు. యాక్సిస్ తరహాలో ఒక అడ్డకడ్డీ రెండు సన్నటి స్ప్రింగుల బలంతో బ్లేడు వెనక కూర్చుంటుంది. ఒక స్ప్రింగు విరిగినా రెండోది పట్టుకునే ఉంటుంది గానీ, విరిగిందని తెలిశాక వాడొద్దు.

ఇంటికి రాగానే చేయాల్సిన పరీక్ష ఇది. చాకు పూర్తిగా తెరవండి. పిడిని రెండు పక్కల నుంచి మాత్రమే పట్టుకోండి, బ్లేడు మూసుకునే గాడి వైపు ఒక్క వేలూ ఉండకూడదు. ఇప్పుడు బ్లేడు వీపుని, అంటే పదును లేని వైపుని, చెక్కబల్ల అంచుకి ఆనించి నెమ్మదిగా బరువు పెంచుతూ ఒత్తండి. లాక్ కదలకూడదు, "కటక్" మని జారకూడదు. ఇలా నాలుగైదుసార్లు, ప్రతిసారీ మూసి మళ్లీ తెరిచి చేయండి, ఎందుకంటే కొన్ని లాక్‌లు మెల్లగా తెరిచినప్పుడు సరిగ్గా కూర్చోవు. బ్లేడు వీపుతో బల్లని ఠపీఠపీమని కొట్టి చూసేవాళ్లున్నారు. అది వద్దు. బాగున్న లాక్ కూడా ఆ దెబ్బలకి పాడవుతుంది, పాడైనదైతే ఆ ఊపులో మీ చేతిమీదికే వస్తుంది.

తర్వాత మొన దగ్గర వీపుని పట్టుకుని కదిపి చూడండి. బ్లేడు కుడిఎడమలకి ఊగితే అది ఇరుసు స్క్రూ వదులు, చిన్న టార్క్స్ డ్రైవరుతో (నక్షత్రం ఆకారపు కొస ఉన్న స్క్రూడ్రైవరు) పావు చుట్టు బిగిస్తే పోవచ్చు. అయితే కొన్ని కంపెనీలు మనం విప్పితే వారంటీ చెల్లదంటాయి, ముందు అది చదవండి. తెరుచుకునే, మూసుకునే దిక్కులో ఊగితే అది లాక్ లోపం. బిగించి సరిచేయాలని చూడకండి, వాపసు పంపండి. వాపసు వ్యవధి ఎంతుందో అప్పుడు వెతుక్కోవడం కాదు, కొనకముందే చూసుకోవాలి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మూసిన చాకుని మొన బయటికొచ్చే వైపు కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా కుదపండి. బ్లేడు బయటికి జారిందంటే అది జేబులోనూ జారుతుంది. జేబులో క్లిప్‌తో పెట్టుకునేటప్పుడు మొన పైకి ఉండేలా పెట్టేదైతే, బ్లేడు వీపు కనిపించే వైపు జేబు వెనక కుట్టుకి ఆనేలా పెట్టండి. పొరపాటున విచ్చుకోబోయినా ఆ కుట్టు ఆపుతుంది.

మూయడం

తెరిచేటప్పటికన్నా మూసేటప్పుడే కొత్తవాళ్లు ఎక్కువ తెగ్గోసుకుంటారు. లైనర్ లాక్‌ని మూయాలంటే బొటనవేలు తప్పనిసరిగా బ్లేడు దారిలోకి వెళ్తుంది, ఆ డిజైనే అంత. బొటనవేలితో రేకుని పక్కకి నెట్టండి, రెండో చేత్తో బ్లేడు వీపుని పట్టుకుని లాక్ దాటేవరకు, అంటే కొద్దిగా మాత్రమే వంచండి. అక్కడ ఆగండి. బొటనవేలు బయటికి తీసి, వేళ్లన్నీ గాడి బయట ఉన్నాయని కంటితో చూసుకుని, అప్పుడు మిగతాది మూయండి. అడ్డకడ్డీ లాక్‌లతో ఇంకో చిక్కు: మంచి బేరింగులున్నవాటిలో లాక్ వదలగానే బ్లేడు దానంతట అదే పడిపోతుంది. వీడియోల్లో ముచ్చటగా కనిపిస్తుంది గానీ మొదటి నెలంతా రెండు చేతులా మూయండి. మణికట్టు విసిరి తెరవడం కూడా అలవాటు చేసుకోవద్దు. పక్కన మనిషి ఉన్నా లేకపోయినా సరే.

చాకు చేతిలోంచి జారితే పట్టుకోబోవద్దు. చేతులు వెనక్కి, పాదాలు వెనక్కి. కింద పడి మొన విరిగితే విరగనివ్వండి.

నకిలీలు

కాపీ బ్రాండుకీ నకిలీకీ తేడా ఉంది. కాపీ బ్రాండు ఆకారం ఎరువు తెచ్చుకున్నా అమ్మేది తన పేరుతోనే, కాబట్టి చాకు బాగోలేకపోతే తిట్టడానికి ఒక చిరునామా ఉంటుంది. నకిలీ ఇంకొకరి లోగో చెక్కుకుని వస్తుంది. లోపల ఏ ఉక్కు ఉందో, దాన్ని సరిగ్గా కాల్చి చల్లార్చారో లేదో చెప్పే నాథుడుండడు. పేరుమోసిన బ్రాండు చాకు నమ్మలేనంత చవకగా కనిపిస్తే, లేదా బ్రాండు పేరు రాయకుండా ఫొటోలో మాత్రం లోగో కనిపిస్తే అక్కడితో వదిలేయండి. కంపెనీ వెబ్‌సైట్‌లో అధీకృత డీలర్ల జాబితా ఉంటే అందులోనివాళ్ల దగ్గరే తీసుకోండి.

ఉక్కు గురించి రాయడానికి చాలా ఉంది, మొదటి చాకుకి అంత అక్కర్లేదు. 8సీఆర్13ఎంఓవీ, 440సీ, 14సీ28ఎన్, ఈ ఉక్కు రకాల్లో ఏదైనా చాలు. సానరాయి మీద తొందరగా పదునెక్కుతాయి, నేర్చుకునేవాళ్లకి అదే కావాలి. డీ2 గట్టిదే కానీ పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, తడి తుడవకపోతే మచ్చలొస్తాయి. సాన పట్టేటప్పుడు ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణంలో పట్టండి. మొదట్లో కోత పడని చేతితొడుగు వేసుకుంటే తప్పేం లేదు. మొద్దుబారిన చాకుని బలంగా నొక్కాల్సి వస్తుంది, అలా నొక్కినప్పుడే జారుతుంది. డబ్బా మూతలు పెకలించడానికి, స్క్రూలు తిప్పడానికి చాకు వాడొద్దు. మొన విరగడం అలాంటి పనులతోనే.

ఎప్పుడు మానుకోవాలి

వాపసు లేదంటే మానుకోండి. మీరుండే చోట దాన్ని జేబులో పెట్టుకోవడం కుదరదని తెలిస్తే, లాక్ ఎంత గట్టిదైనా మానుకోండి. బ్రాండు చేసిన పని మీకు నిజంగానే గుచ్చుతుంటే కూడా మానుకోండి, తీసిన ప్రతిసారీ అదే గుర్తొచ్చే చాకుతో ఎవరూ నేర్చుకోలేరు. ఈ మూడూ అడ్డం కాకపోతే, పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గితే, ఎవరెంత తిట్టినా నిశ్చింతగా ఉంచుకోండి.

అన్నీ చూసి కూడా ఎటూ తేలకపోతే ముందు తగాదా లేనిది కొనుక్కోండి. స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చిన్న చాకుల్లో చాలావాటికి లాక్ ఉండదు, బ్లేడుని ఆపేది స్ప్రింగు బలమే. వాటితో మొన గుచ్చే పనులు చేయకూడదు గానీ చట్టంతో చిక్కు తక్కువ. ఫ్రాన్స్‌లో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్‌కి మెడ దగ్గర తిప్పే ఉంగరమే లాక్. సైజుని బట్టి నంబర్లుంటాయి, 6వ నంబరు నుంచి పైవాటికే ఆ ఉంగరం ఉంటుంది. చెక్కపిడి తడికి ఉబ్బి బ్లేడు పట్టేస్తుంటుంది, అదొక్కటే దాంతో విసుగు. అలాంటిదానితో కొన్నాళ్లు పనిచేశాక ఎంత పొడవు కావాలో, ఏ లాక్ మీ చేతికి నప్పుతుందో మీకే తెలుస్తుంది. మీరు చూసిపెట్టుకున్న తగాదా బ్రాండు అప్పటికీ అమ్మకంలోనే ఉంటుంది, తగాదా కూడా.