చేప జబ్బు మనమే చూద్దాం – మూడో పాఠం: మొప్ప కోసి చూడటం

పోయిన పాఠంలో ఒంటి మీది జిగురు గీకి స్లైడు చేయడం నేర్చుకున్నాం. ఈసారి మొప్ప.

ముందు చేప సంగతి. చచ్చి తేలినది పనికిరాదు. నేను మొదట్లో పర్లాకిమిడి దగ్గర ఒక చెరువులో తేలిన బొచ్చెను తెచ్చి కోశాను. స్లైడు నిండా ఏవేవో కదులుతున్నాయి. రోగం దొరికిందనుకుని రైతుకు మందు చెప్పేశాను. తీరా చూస్తే అవి కుళ్లు మీద చేరే జీవులు. చేప చచ్చిన కొన్ని గంటల్లోనే అసలు పురుగులు చాలావరకు వదిలిపోతాయి. ఆ రైతు డబ్బు వృథా అయిందన్న బాధ నాకింకా ఉంది.

అందుకే బతికున్న చేపనే పట్టించండి. తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తుంటే అది ఆక్సిజన్ లోటు కావచ్చు. ఎండ బాగా వచ్చాక కూడా కొన్ని గట్టు పక్కనే రొప్పుతుంటే మొప్పను అనుమానించాలి. అలాంటివి మూడు నాలుగు చాలు. ఇక్కడి జాలరులు ఒడియాలో భాకుర అంటే బొచ్చె, రోహి అంటే శీలావతి, మిరికాలి అంటే ఎర్రమోసు. ఏది ఏ చేపో రాసుకోండి. చెరువు నీళ్లలోనే తేవాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు సన్నజీవులు చచ్చిపోతాయి.

తల మీద, కళ్లకు కాస్త వెనక, ఒక్క గట్టి దెబ్బతో ప్రాణం తీయండి. దాన్ని బాధపెట్టకూడదు. మొప్ప మూత కత్తిరించి రంగు చూడండి. పాలిపోయి ఉంటే రక్తం తగ్గినట్టు. చాక్లెట్ రంగులో ఉంటే నీళ్లలో నైట్రైట్ ఎక్కువైందేమో చూడాలి, అది పురుగు పని కాదు.

ఒక్కో పక్క నాలుగు మొప్పలు దువ్వెనల్లా ఉంటాయి. రెండోదాన్ని కోసి, దువ్వెన పళ్ల కొసలు కొన్ని కత్తిరించి, చెరువు నీటి చుక్కలో పెట్టి, పైన కవర్‌స్లిప్ (పలుచటి గాజు బిళ్ల) వేయండి. మైక్రోస్కోపులో ముందు 40 రెట్లు, తర్వాత 100 రెట్లు పెంచి చూడండి.

జలగలా సాగుతూ ముడుచుకుంటూ, తల దగ్గర నాలుగు నల్లచుక్కలతో కనిపిస్తే అది డాక్టిలోగైరస్ అనే మొప్ప పురుగు. వెనక కొక్కేలతో మొప్పను పట్టుకుని ఉంటుంది. గుడ్లు పెడుతుంది, మందు ఆ గుడ్లను చంపదు. అందుకే వారం పది రోజులకు మళ్లీ చేపను కోసి చూడాల్సిందే. సాసర్‌లా గిరగిరా తిరిగేది ట్రైకోడినా అనే ఏకకణ జీవి. గుర్రపులాడం ఆకారపు కేంద్రకంతో మెల్లగా దొర్లేది తెల్లమచ్చ జబ్బు జీవి.

మొప్పలో కంటికే తెల్లటి నూకల్లా కనిపిస్తే ఒకదాన్ని సూదితో చిదిపి 400 రెట్లలో చూడండి. పుచ్చగింజల్లాంటి బీజాలు, ఒక్కో దాని కొసన రెండు చిన్న తిత్తులు ఉంటే మిక్సోబోలస్ అనే పరాన్నజీవి. తిత్తి ఒక్కటే ఉంటే దాని జాతిదే థెలోహనెల్లస్. దయచేసి ఇక్కడ ఆగండి. వీటికి నమ్మదగిన మందు లేదు, ఎవరు అమ్మినా కొనకండి. ఈ జాతి జీవులు సగం బతుకు బురదలోని సన్న ఎర్రపురుగుల్లో గడుపుతాయి. పంట తీశాక చెరువు ఎండగట్టి, బురద ఎత్తించి, సున్నం వేయడమే దారి.

వచ్చే పాఠంలో పొట్ట కోసి కిడ్నీ, పేగు చూద్దాం. పిత్తం తిత్తి పగిలితే అంతా పచ్చబడి ఏమీ కనిపించదు, కాబట్టి సన్నమొన కత్తెర ఒకటి తెచ్చుకుని ఉంచండి.