నిమ్ము ఇంటి దగ్గర పట్టిందా, ఆస్పత్రిలోనా? అటెండెంట్ రాసి పెట్టుకోవాల్సినవి

నెల్లూరు నుంచో తిరుపతి నుంచో పెద్దవాళ్లను చెన్నై తీసుకొచ్చి, గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల రూము తీసుకుని, ఫైళ్లు పట్టుకుని తిరిగేవాళ్ల కోసం ఇది. ఎక్స్‌రేలో నిమ్ము, అంటే నిమోనియా అని తేలాక మీరు చేయగలిగిన పెద్ద సాయం తేదీలు, టైములు సరిగ్గా చెప్పడం.

లెక్కంతా 48 గంటల మీద నడుస్తుంది. ఇంట్లో మొదలైనా, అడ్మిట్ అయిన రెండు రోజుల్లోపు బయటపడినా బయట పట్టిందనే అంటారు. వేరే జబ్బుతో చేరి, 48 గంటలు దాటాక కొత్తగా దగ్గు, జ్వరం, ఆయాసం వస్తే ఆస్పత్రిలో అంటుకున్నట్టు. వెంటిలేటర్ మీద ఉండగా వచ్చేదాన్ని మళ్లీ విడిగా చూస్తారు. చాలామంది పప్పులో కాలేసేది ఎక్కడంటే, ఊళ్లో నర్సింగ్ హోమ్‌లో నాలుగు రోజులు ఉంచి, తగ్గక అంబులెన్స్‌లో ఇక్కడికి తెచ్చి, క్యాజువాల్టీలో "ఇవాళే చేర్పించామండీ" అంటారు. గడియారం ఆ నర్సింగ్ హోమ్‌లోనే మొదలైంది, అది చెప్పాలి.

ఈ తేడా ఎందుకంటే క్రిములు వేరు. బయట ఎక్కువగా న్యూమోకాకస్, వైరస్‌లు, మైకోప్లాస్మా లాంటివి. ఆస్పత్రిలో క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, ఎసినెటోబాక్టర్, ఇవి మామూలు మందులకు ఒక పట్టాన లొంగవు. గత 90 రోజుల్లో నరానికి యాంటీబయాటిక్ ఎక్కించి ఉంటే మొండి క్రిమి ఉండే అవకాశం పెరుగుతుంది కాబట్టి పాత డిశ్చార్జ్ సమ్మరీ తెచ్చుకోండి, అది లేకపోతే ఇంజెక్షన్ సీసా లేబుల్ ఫోటో అయినా చాలు. ఆర్‌ఎంపీ దగ్గర వేయించినవి కూడా దాచకండి, తిడితే తిట్టనివ్వండి.

డయాలసిస్‌కి వెళ్లేవాళ్లను, వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లను నిమ్ము విషయంలో 2005లో అమెరికా గైడ్‌లైన్స్ ఇంకో విడి రకంగా పెట్టాయి. అవసరం లేనివాళ్లకూ పెద్ద యాంటీబయాటిక్స్ వెళ్తున్నాయని 2016లో ఆ రకాన్ని పక్కన పెట్టారు. నన్నడిగితే మంచి పనే.

వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే కళ్లె కల్చర్‌కి, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకి, పంపుతారేమో అడగండి. రెండు వారాలు దాటిన దగ్గు అయితే ఆ మాటా చెప్పండి, టీబీ చూడాలి.

వార్డులో ఉన్నన్నాళ్లూ, డాక్టర్ వద్దనకపోతే, మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి, పడుకోబెట్టి గంజి పోయొద్దు, నోరు రోజూ శుభ్రం చేయండి. పెద్ద వయసువాళ్లకు ఒక్కోసారి జ్వరం రాకుండానే మాట తడబడుతుంది, మనుషుల్ని పోల్చుకోరు. అలా అనిపిస్తే వాళ్లకు చెప్పకుండా పొట్ట కదలిక చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి, 30 గానీ అంతకు మించి గానీ వచ్చిందా, రౌండ్స్ కోసం ఆగకుండా డ్యూటీ డాక్టర్‌ని పిలవండి.