థర్మకోల్‌కి బదులు పుట్టగొడుగు దిమ్మ: ఇంట్లో పెంచే పద్ధతి

టీవీతో పాటు వచ్చిన థర్మకోల్ ముక్కలు మా అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. పారేయడానికి మనసొప్పదు, దాచుకుని చేసేదీ లేదు. ఆ చిరాకులోనే ఈ పని నెత్తికెత్తుకున్నాను. రంపపు పొట్టులో పుట్టగొడుగును పెంచితే దాని సన్నటి తెల్ల దారాలు, అంటే మైసీలియం, పొట్టు రేణువుల మధ్య అల్లుకుపోయి జిగురులా పట్టేస్తాయి. ఆరబెడితే తేలికైన గట్టి దిమ్మ తయారవుతుంది. అమెరికాలో 2007లో మొదలైన ఎకోవేటివ్ అనే సంస్థ ఇదే కిటుకుతో ప్యాకింగ్ చేస్తోంది.

ముత్యపు చిప్ప పుట్టగొడుగు స్పాన్, అంటే మైసీలియం పట్టించిన గింజలు, తెచ్చుకోండి. చెక్కకి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ని కూడా విడగొట్టే ఎంజైములు ఆ పుట్టగొడుగుకున్నాయి, పైగా దూకుడుగా పెరుగుతుంది. సగం పొట్టు, సగం చిన్నగా తరిగిన ఎండుగడ్డి చాలు. ప్లైవుడ్ పొట్టు, రంగు వేసిన చెక్క పొట్టు మాత్రం వద్దు.

రెండూ కలిపి రాత్రంతా నానబెట్టి, మర్నాడు 70-80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచండి. తర్వాత వడకట్టి చల్లారనివ్వాలి. నేను తొందరపడింది ఇక్కడే. పైపైన ముట్టుకుని చల్లారిందనుకున్నాను, లోపల ఇంకా వేడిగానే ఉంది. అందులో కలిపిన స్పాన్ చచ్చిపోయింది, ఆరో రోజుకి సంచి నిండా ఆకుపచ్చ బూజు. మీకూ పచ్చదనం కనిపిస్తే సంచి విప్పకుండానే బయట పారేయండి. విప్పితే ఆ పొడి ఇల్లంతా ఎగురుతుంది.

తడి సంగతి ఇంకా ముఖ్యం. గుప్పెడు మిశ్రమం తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించాలి, అంతే. ధారగా కారితే ఇంకాసేపు పరిచి ఉంచాలి. అసలు చుక్కే రాకపోతే కాచి చల్లార్చిన నీళ్లు చిలకరించాలి. ఈ పరీక్షకి నేను ఏ మీటరూ వాడను.

చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని, కిలో తడి మిశ్రమానికి 100 గ్రాముల స్పాన్ కలిపి సంచిలో నింపండి. సూదితో చిన్న చిన్న చిల్లులు పెట్టి, 20-25 డిగ్రీలుండే చీకటి మూలలో వదిలేయండి. మూడు నాలుగు రోజులకి ఒక్కో గింజ చుట్టూ దూది అంటినట్టు తెల్లగా కనిపిస్తుంది. రెండు వారాలకి మొత్తం తెల్లబడుతుంది.

అప్పుడు దాన్ని చేత్తో చిదిపి, కావలసిన ఆకారంలో ఉన్న డబ్బాలో వత్తి నింపాలి. చూస్తే జాలేస్తుంది గానీ తెగిన దారాలు మళ్లీ అతుక్కుంటాయి. చిల్లులున్న ప్లాస్టిక్ కాగితం కప్పి ఐదు రోజులాగితే డబ్బా ఆకారం వచ్చేస్తుంది. బయటికి తీసి ఇంకో రోజు మూసి ఉంచితే పైన మఖమల్ లాంటి పొర కడుతుంది.

చివరగా ఓవెన్‌లో 90 డిగ్రీల దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. ఇక్కడ బద్ధకిస్తే కుదరదు. సగం ఆరిన నా దిమ్మ ఒకటి వారం తర్వాత అలమరాలో పుట్టగొడుగులు పూసింది! పుట్టగొడుగుల నుంచి రాలే విత్తుల పొడి కొందరికి పడదు, కాబట్టి అలాంటిది తీసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

ఈ దిమ్మ గాజు సామాను చుట్టూ పెట్టడానికి బాగుంటుంది. తడి తగిలేచోట పనికిరాదు. అవసరం తీరాక నలిపి మొక్కల మట్టిలో కలిపేయొచ్చు.

ప్లాస్టిక్‌ని కూడా తినేస్తుందా అని అందరూ అడుగుతారు. ఈక్వడార్ అడవుల నుంచి యేల్ విద్యార్థులు తెచ్చిన పెస్టలోటియోప్సిస్ మైక్రోస్పోరా అనే శిలీంధ్రం పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌ని తినగలదని 2011లో ప్రచురించారు. అది ప్రయోగశాల మాట, పైగా వేరే జాతి. అయినా ఆశ చావక అటక మీది థర్మకోల్ ముక్కొకటి నా సంచిలో పడేశాను. నెల తర్వాత తీసి చూస్తే చుట్టూ తెల్లటి దుప్పటి కప్పుకుని ఉంది. దుప్పటి ఒలిచాను. లోపల ముక్క అంచు కూడా అరగలేదు.