చిన్న స్పోర్ట్స్ కారులో పిల్లల బూస్టర్ సీటు: బిగించే ముందు జాగ్రత్తలు

ముందు బెల్టు చూడండి. బూస్టర్ అంటే కారు బెల్టు సరిగ్గా పట్టేలా పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు. అది పెట్టే చోట మూడు పాయింట్ల బెల్టు (నడుము మీదుగా, భుజం మీదుగా వచ్చేది) లేకపోతే బూస్టర్ ఆలోచనే వద్దు. నడుము బెల్టు ఒక్కటే ఉంటే కారు గుద్దుకున్నప్పుడు పిల్లల ఒళ్లు ముందుకి మడతపడి పొట్ట నలిగిపోవచ్చు.

పిల్లలు కనీసం 15 కిలోలు, 100 సెంటీమీటర్లు ఉండాలి. వయసు చూసి కొనకండి.

కొనేముందు టేపుతో సీటు అడుగు వెడల్పు కొలవండి. ఈ కార్లలో సీటు అంచులు రెండు పక్కలా ఎత్తుగా లేచి ఉంటాయి. బూస్టర్ వాటి మీదకెక్కితే కింద ఖాళీ మిగిలి, మలుపులో ఒరిగిపోతుంది. అసలు చిక్కు బెల్టు క్లిప్పు దిగే బకిల్ దగ్గరే: అది గుంటలో ఉంటుంది, బూస్టర్ అంచు దాన్ని కప్పేస్తుంది. సగమే దిగిన క్లిప్పు కూడా బిగిసినట్టే కనిపిస్తుంది. పిల్లల్ని కూర్చోబెట్టి, టక్కుమన్నాక బెల్టు గట్టిగా లాగి చూడండి.

నడుము పట్టీ తొడల మొదట్లో ఉండాలి, పొట్ట మీద కాదు. భుజం పట్టీ మెడకి తగలకూడదు.

రెండు సీట్ల కారైతే బూస్టర్ పెట్టే డ్రైవర్ పక్క సీటుని పూర్తిగా వెనక్కి జరపండి. ఎయిర్‌బ్యాగ్ విషయంలో కారు మాన్యువల్ చెప్పిందే చెయ్యండి.

శ్రీకాకుళం మే ఎండలో నిలిపిన కారైతే బకిల్ ఇనుము చురుక్కుమంటుంది, ముందు మీరు తాకి చూడండి. నరసన్నపేట వైపు హైవే ఎక్కేటప్పుడు ఖాళీ బూస్టర్‌కి కూడా బెల్టు పెట్టండి. వదులుగా ఉంటే బ్రేకుకి ఎగిరొస్తుంది.