బాక్లోఫెన్‌తో బతకడం: నా నోటుబుక్కు లెక్క

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాములోని నరాలను దెబ్బతీసే జబ్బు. రాత్రిళ్లు కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతుంటే న్యూరాలజిస్టు ఆ బిగువు తగ్గించే బాక్లోఫెన్ మాత్రలు రాశారు: 5 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. మొదటి వారమంతా మత్తే. పొయ్యి మీద పప్పు పెట్టి కునుకు తీశాను. కుక్కరు మాడింది.

డోసు పెంచాక బిగువు తగ్గింది, దాంతోపాటు కాళ్లలో పట్టూ పోయింది. బాత్రూంలో కూలబడ్డాను. నిలబడటానికి కొంత ఊతం ఆ పాడు బిగువేనట! అందుకే మాత్ర వేసుకున్న టైము, మత్తు, నడక రోజూ ఓ నోటుబుక్కులో రాయండి. డాక్టరు డోసు సర్దేది దాన్ని చూసే. మత్తుగా ఉంటే బండి తీయొద్దు.

విసుగొచ్చి ఒక్కసారిగా మానేయడం మాత్రం వద్దే వద్దు. ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, బిగువు ఇంకా ఎక్కువై తిరిగి రావచ్చు. తగ్గించాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగానే. నేను ఊరెళ్తే వారానికి సరిపడా మాత్రలు అదనంగా పెట్టుకుంటాను, అదీ చేతిసంచిలోనే.

బిగువుకే ఇచ్చే మరో మందు టిజానిడిన్. అది వాడేవాళ్లకు నోరు ఎండుతుంది, బీపీ పడిపోతుంది. మంచం అంచున కాసేపు కూర్చుని లేవండి. లివర్ పరీక్షలు డాక్టరు చెప్పిన టైముకు చేయించుకోండి. ఇంకొకటి: యూరిన్ ఇన్ఫెక్షన్లు ఈ జబ్బున్న మనకు మామూలే కదా, వాటికి తరచూ ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌ను టిజానిడిన్‌తో కలిపి వాడకూడదు. బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. మందుల షాపులో మాత్రల పేర్లన్నీ ముందే చెప్పండి.